పాట ధర వేరు, ఇంటికొచ్చే ధర వేరు: ఆన్‌లైన్ వేలంలో పోస్టేజీ లెక్క

వరంగల్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో టాపిక్ ఆన్‌లైన్ వేలం. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే, వేలంలో వస్తువు గెలిచిన తర్వాత మన నెత్తిన వచ్చిపడే పోస్టేజీ.

వేలంపాట మనకేం కొత్త కాదు. వినాయక చవితి వచ్చిందంటే గల్లీ గల్లీలో లడ్డూ పాట. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు పోయింది. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అన్నారంటే పాట అయిపోయినట్టే. అక్కడ ఒక సుఖం ఏందంటే, పాడుకున్నాయన లడ్డూను నెత్తిన పెట్టుకొని డప్పులతో ఇంటికి పోతాడు. కొరియర్ ఖర్చు లేదు, ప్యాకింగ్ ఖర్చు లేదు.

ఫోన్‌లో పాడే పాట అట్లా ఉండదు. హన్మకొండలో చదువుకునే ఒక స్టూడెంట్ ఉన్నాడనుకోండి. పాత నాణేలంటే ఇష్టం. ఒక వాట్సాప్ గ్రూపులో నిజాం కాలం నాటి రాగి పైసలు పాటకు పెట్టారు. 150 రూపాయలకు గెలిచాడు. మస్తు ఖుషీ. పది నిమిషాల తర్వాత అమ్మేటాయన నుంచి మెసేజ్ వచ్చింది: పోస్టేజీ 120, ప్యాకింగ్ 60, ఇన్సూరెన్స్ 40. మొత్తం కలిపితే 370. అంటే వస్తువు కంటే దాన్ని తెచ్చే ఖర్చే ఎక్కువ. కట్టాలంటే బాధ, కట్టకపోతే గ్రూపులో నుంచి తీసేస్తారు, పేరు చెడిపోతుంది. నెలకు ఇంటి నుంచి వచ్చే పైసల మీద బతికే పిల్లలకు 220 రూపాయలు చిన్న మొత్తమేమీ కాదు కదా.

ఇది నేను ఉదాహరణకు చెప్పిన లెక్కే. కానీ ఇట్లాంటివి రోజూ జరుగుతున్నాయి. అందుకే ఈ రోజు ఒక్కటే మాట గుర్తు పెట్టుకోండి. మనం పాడాల్సింది వస్తువు ధర కాదు, ఇంటికి చేరే ధర. ఈ లెక్క పాటకు ముందే వేసుకోవాలి, తర్వాత కాదు.

దీనికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఏనుమాముల మార్కెట్. పత్తి, మిర్చి సీజన్‌లో ఒకసారి పోయి చూడండి. రైతు బస్తాలు దించుతాడు, వ్యాపారులు రేటు వేస్తారు. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ మొదలుపెట్టాక ఇట్లాంటి మార్కెట్లలో కూడా పాట ఆన్‌లైన్‌లోకి వచ్చింది. క్వింటాల్‌కు ఇంత అని రేటు పడుతుంది. మరి రైతు చేతికి అంతే వస్తుందా? రాదు. అడ్తి కమీషన్, హమాలీ, దడ్వాయి అన్నీ తక్‌పట్టిలో రాస్తారు. అవన్నీ పోను మిగిలిందే చేతికొచ్చేది. అక్కడికి వచ్చే ఏ రైతును అడిగినా చెప్తాడు, "రేటు చూసి మురవొద్దు బిడ్డా, తక్‌పట్టి చూడాలె" అని. మన ఆన్‌లైన్ వేలానికి కూడా ఇదే సూత్రం. అక్కడ అమ్మేటోళ్లకు కోతలు పడతాయి, ఇక్కడ కొనేటోళ్లకు వడ్డింపులు పడతాయి. తేడా అంతే.

సరే, అమ్మేవాళ్లు ఇట్లా ఎందుకు చేస్తారు? వస్తువు రేటు తక్కువ పెట్టి, పోస్టేజీ ఎక్కువ ఎందుకు పెడతారు? ఎందుకంటే అది పనిచేస్తుంది కాబట్టి. ఊరికే అంటున్న మాట కాదిది. తన్జిమ్ హొస్సేన్, జాన్ మోర్గాన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలో ఒక ప్రయోగం చేశారు. ఆ పేపర్ 2006లో వచ్చింది. వాళ్లు మ్యూజిక్ సీడీలు, ఎక్స్‌బాక్స్ గేములు వేలానికి పెట్టారు. ఒకే వస్తువు. ఒకచోట పాట మొదలు 4 డాలర్లు, పోస్టేజీ ఫ్రీ. ఇంకోచోట పాట మొదలు ఒక్క సెంటు, పోస్టేజీ 3 డాలర్ల 99 సెంట్లు. రెండు చోట్లా కనీసం కట్టాల్సింది 4 డాలర్లే. మరి ఎక్కడ ఎక్కువ డబ్బులు వచ్చాయి? ఒక్క సెంటుతో మొదలైన చోట. ఎక్కువ మంది పాడారు, అమ్మేవాళ్లకు మొత్తం మీద ఎక్కువ వచ్చింది. అంటే కొనేవాళ్లు పోస్టేజీని సగం మర్చిపోయి పాడారన్నమాట. అయితే సీడీ లాంటి చిన్న వస్తువు మీద పోస్టేజీ మరీ 6 డాలర్లు పెట్టినప్పుడు మాత్రం ఆ మంత్రం పనిచేయలేదు. జనం కొంతవరకే మర్చిపోతారు, మరీ ఎక్కువైతే లేచి కూర్చుంటారు.

ఇంకో కారణం కమీషన్. ఒకప్పుడు ఈబే వాళ్లు అమ్మకం కమీషన్‌ను వస్తువు ధర మీదే తీసుకునేవాళ్లు, పోస్టేజీ మీద కాదు. అప్పుడు తెలివైన అమ్మకందారు ఏం చేస్తాడు? వస్తువు 1 డాలర్, పోస్టేజీ 15 డాలర్లు అని పెడతాడు. కమీషన్ తప్పించుకుంటాడు. ఇది చూసే 2011లో అమెరికాలో ఈబే పోస్టేజీ మీద కూడా కమీషన్ తీసుకోవడం మొదలుపెట్టింది. అంత పెద్ద కంపెనీయే రూల్ మార్చుకోవాల్సి వచ్చిందంటే, ఈ ఆట ఎంత పాతదో చూడండి.

మన దేశంలో ఆన్‌లైన్ వేలం అంటే మొదట బాజీ డాట్ కామ్. దాన్ని 2004లో ఈబే కొనేసింది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయింది, 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు మనవాళ్లు వేలం పాడేది మూడు చోట్ల. ఒకటి, నాణేలు, స్టాంపులు అమ్మే వేలం సంస్థల సైట్లు. రెండు, ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు. మూడు, విదేశీ ఈబే. మూడు చోట్లా అదనపు ఖర్చు మూడు రకాలుగా వస్తుంది. ఒక్కొక్కటి చూద్దాం.

మొదట గ్రూపులు. ఇక్కడ ప్రధానంగా పోస్టేజీ, ప్యాకింగ్. అసలు పోస్టేజీ ఎంత అవుతుందో మనకు ఒక అంచనా ఉండాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. 2025 అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్టు కొత్త రేట్లు వచ్చాయి. డాక్యుమెంట్ల కవరు 50 గ్రాములు దాటి 250 గ్రాముల లోపు ఉంటే, 200 కిలోమీటర్ల లోపు దూరానికి 59 రూపాయలు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు అంటే ఇదే లెక్క. 1000 నుంచి 2000 కిలోమీటర్ల వరకు 72 రూపాయలు. ఢిల్లీ నుంచి మనకు ఇది. వీటి మీద 18 శాతం జీఎస్టీ. అంటే 59 కాస్తా దాదాపు 70 అవుతుంది, 72 కాస్తా 85 అవుతుంది. పార్శిల్‌కు రేటు వేరు, అది పోస్టల్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో బరువు, పిన్‌కోడ్ కొడితే వస్తుంది. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం పెట్టండి.

బరువు విషయంలో ఇంకో మెలిక ఉంది. కొరియర్ కంపెనీలు అసలు బరువు ఒక్కటే చూడవు. డబ్బా సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగిస్తారు. 40, 30, 25 సెంటీమీటర్ల డబ్బా ఉందనుకోండి. గుణిస్తే 30,000. 5000తో భాగిస్తే 6 కిలోలు. లోపల ఉన్నది కిలో బరువున్న బొమ్మ అయినా సరే, బిల్లు 6 కిలోలకు పడుతుంది. అందుకే గేమింగ్ కీబోర్డు, స్పీకర్లు, యాక్షన్ ఫిగర్లు పాడేటప్పుడు "బరువెంత" అని అడిగితే సరిపోదు, "డబ్బా సైజు ఎంత" అని కూడా అడగాలి.

రెండోది, వేలం సంస్థలు. ఇక్కడ బయ్యర్స్ ప్రీమియం అని ఉంటుంది. అంటే పాట ధర మీద సంస్థ మన దగ్గర తీసుకునే శాతం. ఉదాహరణకు 15 శాతం అనుకుందాం. మీరు 2000కు గెలిచారు. ప్రీమియం 300. ఆ 300 మీద 18 శాతం జీఎస్టీ 54. పోస్టేజీ 150. మొత్తం 2504. మీ బడ్జెట్ 2500 అయితే అప్పటికే దాటిపోయారు. వస్తువు మీద కూడా జీఎస్టీ వేసే చోట ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ వాళ్ల నిబంధనల పేజీలో రాసే ఉంటాయి. మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేస్తాం.

మూడోది, విదేశీ ఈబే. ఇక్కడ కస్టమ్స్ వస్తుంది. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్తాను. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది వస్తువు ధర మీద మాత్రమే కాదు. రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ కూడా కలిపి విలువ కడతారు. అంటే మీరు కట్టిన పోస్టేజీ మీద కూడా పన్ను పడుతుందన్నమాట. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, ఆ పైన ఐజీఎస్టీ. రేట్లు బడ్జెట్‌లో మారుతుంటాయి, కాబట్టి కొనే ముందు ఆ సంవత్సరం రేటు చూసుకోవాలి. పోస్టులో వస్తే ఆ సుంకం పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గర వసూలు చేస్తాడు. ప్రైవేటు కొరియర్‌లో వస్తే ఆధార్ లాంటి కేవైసీ పత్రాలు అడుగుతారు, క్లియరెన్స్ ఫీజు కూడా వేయొచ్చు.

కొంతమంది అమ్మకందారులు "గిఫ్ట్ అని రాసి పంపిస్తాం, సుంకం పడదు" అంటారు. నమ్మొద్దు. 2019 డిసెంబర్‌లోనే ప్రభుత్వం పోస్టులో, కొరియర్‌లో గిఫ్ట్ పేరుతో వస్తువులు తెప్పించుకోవడాన్ని నిషేధించింది. ప్రాణాలు కాపాడే మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు. డబ్బులిచ్చి కొన్నదాన్ని గిఫ్ట్ అంటే, పార్శిల్ అక్కడే ఆగిపోతే, పోయేది మన పైసలే.

ఇప్పుడు అసలు పని. పాటకు ముందు ఏం చేయాలి? మూడు ప్రశ్నలు అడగండి, అది కూడా రాతపూర్వకంగా, చాట్‌లో. ఒకటి: నా పిన్‌కోడ్‌కు పోస్టేజీ, ప్యాకింగ్, అన్నీ కలిపి ఎంత? రెండు: దేంట్లో పంపిస్తారు, స్పీడ్ పోస్టా, కొరియరా? మూడు: రెండు మూడు వస్తువులు గెలిస్తే అన్నీ ఒకే పార్శిల్‌లో పంపుతారా? ఈ మూడో ప్రశ్న చాలా డబ్బులు మిగులుస్తుంది. ఒకే మనిషి దగ్గర నాలుగు నాణేలు గెలిచి నాలుగుసార్లు పోస్టేజీ కట్టాల్సిన పని లేదు.

జవాబు వచ్చాక వెనక నుంచి లెక్క వేయండి. నా దగ్గర మొత్తం 500 ఉన్నాయి. పోస్టేజీ 85, ప్యాకింగ్ 30, అంటే 115. 500లో నుంచి 115 తీసేస్తే 385. నా పాట 385 దగ్గర ఆగిపోవాలి. ఎదుటోడు 390 అంటే, అన్నీయండి. వాడికే పోనీయండి. పాటలో రోషం వస్తుంది, అది సహజం. కానీ లడ్డూ పాటలో రోషానికి ఊరంతా చప్పట్లు కొడుతుంది, ఫోన్‌లో రోషానికి బ్యాంకు మెసేజ్ ఒక్కటే వస్తుంది.

జవాబు రాకపోతే? "ముందు పాడండి, తర్వాత చూద్దాం" అంటే? పాడొద్దు. అంతే. పోస్టేజీ చెప్పడానికి ఇష్టపడని మనిషి, రేపు వస్తువు పగిలి వస్తే ఫోన్ ఎత్తుతాడా?

విదేశీ సైట్లలో ఇంకో సులువు. ఈబేలో వెతికేటప్పుడు "ధర ప్లస్ షిప్పింగ్, తక్కువ నుంచి ఎక్కువ" అని వరుస పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది. అది పెట్టుకుంటే ఒక్క డాలర్ మాయ అక్కడికక్కడే బయటపడుతుంది.

సరే, ఇవేవీ చేయలేదు, గెలిచేశారు, ఇప్పుడు కొత్త చార్జీ వచ్చింది. ఏం చేయాలి? ముందు కోపంతో మెసేజ్ పెట్టొద్దు. లిస్టింగ్ స్క్రీన్‌షాట్, పాట స్క్రీన్‌షాట్, చాట్ అన్నీ తీసి పెట్టుకోండి. తర్వాత లిస్టింగ్‌లో ఏం రాసి ఉందో చూడండి. "పోస్టేజీ అదనం" అని రాసి ఉంటే, న్యాయమైన ఖర్చు మనం ఇవ్వాల్సిందే. పాత తెలుగు పత్రికల్లో పుస్తకాల ప్రకటనల కింద ఈ మాటే ఉండేది, మన పెద్దవాళ్లు వీపీపీలో తెప్పించుకునేవాళ్లు. అదేం మోసం కాదు. అయితే అసలు ఖర్చుకు రసీదు అడిగే హక్కు మీకుంది. "స్పీడ్ పోస్టు రసీదు ఫొటో పెట్టండి, అందులో ఎంత ఉంటే అంత ఇస్తాను, ప్యాకింగ్‌కు ఇంత ఇస్తాను" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఇక్కడే తగ్గుతుంది.

పోస్టేజీ ఫ్రీ అని రాసి, లేదా 50 అని రాసి, గెలిచాక 200 అడిగితే అది వేరే సంగతి. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టంలో 64వ సెక్షన్ వేలం గురించే. సుత్తి దెబ్బతో, లేదా అలవాటుగా ఉన్న ఇంకో పద్ధతిలో పాట ముగిసిందని ప్రకటించగానే అమ్మకం పూర్తయినట్టు. పూర్తయిన బేరానికి ఒకరే కొత్త షరతు కలపడం కుదరదు. ఈ మాట గొడవగా కాకుండా, నెమ్మదిగా చెప్పండి.

ఇంకో దారి, రవాణా మార్చమని అడగండి. అమ్మేటాయన హైదరాబాద్‌లోనో కరీంనగర్‌లోనో ఉంటే, కొరియర్ బదులు ఆర్టీసీ కార్గోలో వేయమనండి. మన బస్టాండ్‌లో పోయి తెచ్చుకోవచ్చు. అదే ఆర్టీసీ లాజిస్టిక్స్ వాళ్లు 2024 మేడారం జాతరప్పుడు అమ్మవార్ల ప్రసాదం ఇంటికే పంపడానికి 299 రూపాయలు అని ఒకే ధర చెప్పారు. ఒకే అంకె, ముందే చెప్పారు, ఇష్టమున్నోళ్లు కట్టారు. ధర చెప్పడం అంటే అట్లా ఉండాలి.

నిజానికి రూల్ కూడా అదే. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్లాట్‌ఫామ్ మీద అమ్మే వ్యాపారి మొత్తం ధరను ఒకే అంకెలో చూపించాలి. అందులో డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్, పన్ను ఎంతెంతో విడివిడిగా చూపించాలి. 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు వచ్చాయి. అందులో 13 రకాల మాయలు చెప్పారు. ధరను ముందు పూర్తిగా చూపించకుండా చివర్లో చుక్క చుక్కగా కలపడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అన్నారు. అదీ ఆ 13లో ఒకటి.

కాబట్టి వ్యాపారి వినకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినోడు ముంబైలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఎవరో ఒకాయన ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి గ్రూపులో పెట్టి అమ్మితే, వ్యాపారంగా చేయకపోతే, ఈ ఈ-కామర్స్ నియమాలు ఆయనకు వర్తించవు. అందుకే గ్రూపుల్లో మన అసలు రక్షణ చట్టం కాదు, పాటకు ముందు అడిగిన ఆ మూడు ప్రశ్నలే.

అమ్మేవాళ్ల వైపు నుంచి కూడా ఒక్కసారి చూద్దాం. బబుల్ షీట్, అట్టపెట్టె, టేపు, పోస్టాఫీసు దాకా పెట్రోలు, లైన్‌లో అరగంట, ఇవన్నీ ఖర్చులే. నాణేన్ని 10 రూపాయల కవర్‌లో వేసి పంపితే అది దారిలోనే చింపుకొని బయటపడుతుంది. మంచి ప్యాకింగ్‌కు 30, 40 అడిగితే దాన్ని మోసం అనకూడదు. మనం అడగాల్సింది తక్కువ చేయమని కాదు, ముందే చెప్పమని.

చివరిగా, జాగ్రత్త. వేలంలో వస్తువు గెలిచి, పార్శిల్ కోసం ఎదురు చూస్తున్న టైమ్‌లో ఒక మెసేజ్ వస్తుంది. "మీ పార్శిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిగ్గా లేదు, 48 గంటల్లో ఈ లింక్‌లో చిన్న ఫీజు కట్టండి." 5 రూపాయలో 25 రూపాయలో అడుగుతారు. చిన్న మొత్తమే కదా అని కార్డు నంబర్ కొడతాం. వాళ్లకు కావాల్సింది ఆ 25 కాదు, మీ కార్డు. పోస్టాఫీస్ పేరుతో వచ్చే ఇట్లాంటి లింకులు నకిలీవని ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ కూడా చెప్పింది. అనుమానం వస్తే లింక్ ముట్టుకోకుండా, ట్రాకింగ్ నంబర్‌ను అసలు సైట్‌లో మీరే కొట్టి చూడండి. పోస్టల్ డిపార్ట్‌మెంట్ టోల్‌ఫ్రీ 1800 266 6868కు అడగండి. డబ్బు పోయిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇదండి సంగతి. పాత నాణెమైనా, పాత కెమెరా అయినా, గేమ్ అయినా, పాడే ముందు కాగితం మీద నాలుగు గీతలు గీయండి: వస్తువు, ప్రీమియం, పోస్టేజీ, పన్ను. కింద మొత్తం రాయండి. ఆ మొత్తం చూసి కూడా మనసు "కావాలె" అంటే, ధైర్యంగా పాడండి. ఈ వీడియో మీ గ్రూపులో పాటలు పెట్టే ఫ్రెండ్‌కు కూడా పంపండి, వాళ్లు కూడా పోస్టేజీ ముందే రాయడం మొదలుపెడతారు. వచ్చే ఎపిసోడ్‌లో, గెలిచిన వస్తువు పగిలి వస్తే ఏం చేయాలో, అన్‌బాక్సింగ్ వీడియో ఎట్లా తీయాలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.